రాయలసీమ ఎండలో మస్టాంగ్‌కు సూపర్‌చార్జర్: పెట్రోలు లెక్క నుంచి ట్యూనింగ్ దాకా

సూపర్‌చార్జర్ అంటే ఇంజిన్ బెల్టుతో తిరుగుతూ సిలిండర్లలోకి గాలిని నొక్కి పంపే యంత్రం. దాని కిట్ల ప్రకటనల్లో 650, 700 హార్స్‌పవర్ అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఆ అంకె రెండు షరతుల మీద నిలబడి ఉంటుంది. ఒకటి అమెరికా 93 ఆక్టేన్ పెట్రోలు, రెండోది ఒక మోస్తరు చల్లని గాలి. ఏప్రిల్ నెలలో కర్నూలులోనో అనంతపురంలోనో ఈ రెండూ దొరకవు. అందుకే ఇక్కడ సూపర్‌చార్జర్ పెట్టేవాళ్లు ముందు చూడాల్సింది తమ బంకులో ఏం దొరుకుతుంది, తమ ఊళ్లో ఎండ ఎంత అన్నవే. ఎంత బూస్ట్ (గాలిని అదనంగా నొక్కే ఒత్తిడి) పెట్టాలో ఆ రెండూ చెబుతాయి.

ఈ మార్గదర్శిని 2016 నుంచి మన దేశంలో అధికారికంగా అమ్మిన ఫోర్డ్ మస్టాంగ్ జీటీని దృష్టిలో పెట్టుకుని రాశాం. ఇంజిన్ 4,951 సీసీ వీ8 (కొయోట్ రెండో తరం), 401 పీఎస్, 515 న్యూటన్ మీటర్లు, 6 గేర్ల ఆటోమేటిక్, కుడివైపు స్టీరింగ్. కంప్రెషన్ నిష్పత్తి 11:1. దిగుమతి చేసుకున్న కమారో, చాలెంజర్‌లకూ లెక్క కట్టే పద్ధతి ఇదే, అంకెలూ బోల్టులూ బ్రాకెట్లూ మాత్రం వేరు. అమెరికాలో 2018 నుంచి వచ్చిన మస్టాంగ్ ఇంజిన్‌లో కంప్రెషన్ 12:1, అదనంగా డైరెక్ట్ ఇంజెక్షన్. ఇక్కడి అంకెలను దానికి పెట్టకండి.

ముందు కాగితాల సంగతి

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా పెడితే ప్రమాదం తర్వాత క్లెయిమ్ చేతికి రావడం కష్టం.

సూపర్‌చార్జర్ పెట్టిన బండిని ట్రాక్ బండిగా చూడడమే తెలివైన పని. శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల ట్రాక్ ఉంది. కడప నుంచి తిరుపతి మీదుగా ఒక పూట ప్రయాణం. బండిని ఫ్లాట్‌బెడ్ మీద ఎక్కించి తీసుకెళ్లాలి. ఎన్‌హెచ్ 44 ఖాళీగా కనిపిస్తుంది గానీ, గుత్తి దాటాక డివైడర్ సందులోంచి గొర్రెల మందలు, ట్రాక్టర్లు ఎదురవుతాయి. అక్కడ పరీక్షలు చేయాలన్న ఆలోచనే వద్దు.

పెట్రోలు: అమెరికా 93, మన 95 ఒకటి కావు

ఎక్కువ ఇంజిన్లు ఇక్కడే పోతాయి, కాబట్టి కొంచెం నిలబడి చూద్దాం. ఆక్టేన్ అంటే నాకింగ్‌ను (మంట చేరకముందే మిశ్రమం తనంతట తాను పేలడాన్ని) పెట్రోలు ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె. అమెరికా బంకుల మీద కనిపించే అంకె రాన్, మాన్ అనే రెండు కొలతల సగటు. మన బంకుల్లో చెప్పేది ఒక్క రాన్. అమెరికా 93 అంటే మన కొలతలో దాదాపు 98. మన 95 అంటే అక్కడి 91కి దగ్గర. కిట్‌తో వచ్చిన '93 ట్యూన్'ను (ఇంజిన్ కంప్యూటర్‌లో ఎక్కించే ఇంధనం, స్పార్క్ సెట్టింగులను) ఎక్కించి మన 95 పోస్తే కాగితం మీద రెండు పాయింట్లు ఎక్కువ ఉన్నట్టే కనిపిస్తుంది. నిజానికి మూడు పాయింట్లు తక్కువ.

100 ఆక్టేన్ పెట్రోలు పెద్ద నగరాల్లో కొన్ని బంకుల్లోనే ఉంటుంది. బెంగళూరులో ట్యాంకు నింపుకుని అనంతపురం వచ్చాక అయిపోతే డోన్‌లోనో గుత్తిలోనో ఏది దొరికితే అది పోయాల్సిందే. కాబట్టి ట్యూన్‌ను ఆ బంకుకే చేయించాలి. మంచి పెట్రోలు పోస్తే అది అదనపు భద్రత, అంతకు మించి దాని మీద లెక్క కట్టకండి.

ఇథనాల్ సంగతీ ఉంది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్ నాకింగ్‌ను కొంత అడ్డుకుంటుంది, ఆవిరయ్యేటప్పుడు గాలిని చల్లబరుస్తుంది, అది మనకు లాభమే. కానీ అదే పవర్‌కు 7 నుంచి 9 శాతం ఎక్కువ ఇంధనం పోయాలి. మామూలు పెట్రోలుకు పూర్తిగా మండే గాలి, ఇంధనాల నిష్పత్తి 14.7:1 అయితే ఈ20కి దాదాపు 13.5:1. అమెరికా ట్యూన్లు చాలావరకు ఈ10ను మనసులో పెట్టుకుని 14.1 దగ్గర ఉంటాయి. ఆ విలువను ట్యూనర్ సరిచేయకపోతే ఇంజిన్ లీన్ వైపు (గాలి ఎక్కువ, ఇంధనం తక్కువ) జరుగుతుంది. పైగా ఇథనాల్ తేమను పీలుస్తుంది. నెలల తరబడి షెడ్డులో నిలబెట్టిన బండిలోని పాత పెట్రోలుతో ట్యూనింగ్‌కు వెళ్లకండి, ట్యాంకు ఖాళీ చేసి కొత్తది పోయండి.

ఎండ లెక్క

గాలిని నొక్కితే వేడెక్కుతుంది, సైకిల్ పంపు గొట్టం కాలినట్టే. బయట 43 డిగ్రీలు ఉన్నప్పుడు 6 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) బూస్ట్‌కు నొక్కితే సూపర్‌చార్జర్ లోంచి వచ్చే గాలి 90 డిగ్రీల దాకా పోతుంది. 10 పీఎస్ఐకి 118 డిగ్రీల దాకా. ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పెరిగిన వేడిలో నాలుగింట మూడొంతులు తీసేసిందనుకున్నా మొదటి దానికి 55, రెండో దానికి 62 డిగ్రీలు మిగులుతాయి. అది గాలి బాగా తగులుతూ బండి కదులుతున్నప్పటి మాట. ఊరి నడుమ సర్కిల్ ట్రాఫిక్‌లో పది నిమిషాలు నిలబడితే లెక్క మారిపోతుంది.

సిలిండర్‌లోకి వెళ్లే గాలి 55 దాటాక ప్రతి డిగ్రీకీ నాకింగ్ దగ్గరవుతుంది. అందుకే 11:1 కంప్రెషన్, 95 రాన్ పెట్రోలు, రాయలసీమ వేసవి మూడూ కలిసిన చోట మా సిఫార్సు 6 పీఎస్ఐ. అనంతపురం సముద్ర మట్టానికి 335 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి అక్కడ 6 పీఎస్ఐ అంటే గాలి దాదాపు 1.4 రెట్లు. బెల్టు తిప్పడానికి పోయేది, టైమింగ్ (ప్లగ్ స్పార్క్ కొట్టే వేళ) తగ్గించినందుకు పోయేది తీసేస్తే 500 పీఎస్‌కు అటూ ఇటూ మిగులుతుంది. 700 అని చెప్పుకోవడానికి పనికిరాదు. ఏడాది పొడవునా పగలకుండా తిరుగుతుంది.

ఏ రకం?

ఇంజిన్ పైన మానిఫోల్డ్ స్థానంలో కూర్చునేవి రూట్స్, ట్విన్ స్క్రూ రకాలు. ఈటన్ టీవీఎస్ రోటర్లతో వచ్చే రౌష్, ఎడెల్‌బ్రాక్ కిట్లు, విపుల్ కిట్లు ఈ కోవవి. 2,000 ఆర్‌పీఎం నుంచే నిండు బూస్ట్ ఇస్తాయి. బెల్టు పక్కన ముందువైపు బిగించే సెంట్రిఫ్యూగల్ రకం మరొకటి. ప్రోచార్జర్, వోర్టెక్, ప్యాక్స్‌టన్ ఇలాంటివి. వీటిలో ఆర్‌పీఎం పెరిగే కొద్దీ బూస్ట్ పెరుగుతుంది, 3,000 దగ్గర ఒకటి రెండు పీఎస్ఐ మించదు.

నాకింగ్ ఎక్కువగా పట్టుకునేది తక్కువ ఆర్‌పీఎంలో, ఎక్కువ లోడు మీద. మంట మెల్లగా పాకుతుంటే మిగిలిన మిశ్రమానికి తనంతట తాను పేలే సమయం దొరుకుతుంది. సెంట్రిఫ్యూగల్‌కు సరిగ్గా ఆ చోటే బూస్ట్ ఉండదు. గాలితో చల్లబడే ఇంటర్‌కూలర్ బంపర్ వెనక ఉంటుంది, ఇంజిన్ వేడి దానికి అంతగా అంటదు. మన పెట్రోలుకూ మన ఎండకూ మా ఓటు దీనికే. రూట్స్ రకం పెడితే కింది ఆర్‌పీఎంలో లాగుడు బాగుంటుంది గానీ, 40 కిలోలకు పైగా బరువున్న ఆ దిమ్మ వీ8 నడుమ కూర్చుని వేడిని మోస్తూనే ఉంటుంది. దాని ఇంటర్‌కూలర్‌కు విడిగా నీళ్ల పంపు, చిన్న రేడియేటర్ కావాలి.

సెంట్రిఫ్యూగల్‌తో ఒక చిక్కు: ఎయిర్ ఫిల్టర్ సాధారణంగా కింద, ఫెండర్ లోపల ఉంటుంది. యర్రగుంట్ల, తాడిపత్రి వైపు సిమెంటు దుమ్ము, నాపరాళ్ల పొడి, మిగతా చోట్ల ఎర్రమట్టి. నూనె రాసే ఫిల్టర్ల కన్నా మూతపెట్టెలో ఉండే పొడి కాగితపు ఫిల్టరే ఇక్కడ మంచిది. ఫిల్టర్ నూనె, లోపలికి వెళ్లే గాలిని కొలిచే మాస్ ఎయిర్ ఫ్లో సెన్సర్ తీగ మీద చేరితే రీడింగే తప్పుతుంది. వానాకాలంలో రైల్వే అండర్‌బ్రిడ్జి కింద నిలిచిన నీళ్లలోకి బండిని దింపకూడదన్నది చెప్పనవసరం లేదు గానీ, చెబుతున్నాం.

ఆర్డర్ పెట్టేముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఇది కుడివైపు స్టీరింగ్ మస్టాంగ్‌కు సరిపోతుందా? మన బండిలో బ్రేక్ బూస్టర్, మాస్టర్ సిలిండర్ కుడివైపు ఉంటాయి. అమెరికా బండి కోసం వంచిన గొట్టం సరిగ్గా అక్కడే వచ్చి తగలవచ్చు. ఆస్ట్రేలియా, బ్రిటన్‌లలో కుడివైపు మస్టాంగ్‌లకు ఈ పని విరివిగా చేస్తారు కాబట్టి అక్కడి అమ్మకందారుల దగ్గర కచ్చితమైన జవాబు దొరుకుతుంది. అలాగే ఆ కిట్‌కు దొరికే అతి పెద్ద సూపర్‌చార్జర్ పుల్లీ, దానికి సరిపోయే బెల్టు కలిపి అడగండి. పెద్ద పుల్లీ వేస్తే సూపర్‌చార్జర్ మెల్లగా తిరిగి బూస్ట్ తగ్గుతుంది. పెట్టెలో వచ్చే పుల్లీ మామూలుగా 8 పీఎస్ఐకో ఆ పైకో ఉంటుంది.

కిట్‌కు పెట్టిన డబ్బులో కనీసం 40 శాతం పక్కన ఉంచుకోండి. కస్టమ్స్ సుంకం కాక, ఇంజెక్టర్లు, పంపు, ప్లగ్గులు, ఆయిలు, డైనో (బండిని రోలర్ల మీద తిప్పి పవర్ కొలిచే యంత్రం) ఖర్చులన్నీ ఆ పక్కన పెట్టిన దాంట్లోంచే రావాలి.

ఇంజిన్ ఆరోగ్యం

ఇంజిన్ వేడిగా ఉండగా ఎనిమిది సిలిండర్లకూ కంప్రెషన్ పరీక్ష చేయండి. థ్రాటిల్ పూర్తిగా తెరిచి, బ్యాటరీకి చార్జర్ తగిలించి, ఒక్కో సిలిండర్‌కు సమానంగా క్రాంక్ చేయాలి. అన్నిటికన్నా తక్కువ రీడింగ్ అన్నిటికన్నా ఎక్కువ దాంట్లో 75 శాతానికి తగ్గకూడదు. మా దృష్టిలో 90 శాతం ఉంటేనే బూస్ట్ పెట్టాలి. లీక్‌డౌన్ పరీక్షలో (సిలిండర్‌లోకి గాలి వదిలి ఎంత కారుతోందో కొలిచేది) 10 శాతం దాటిన సిలిండర్ ఉంటే అక్కడితో ఆపి కారణం వెతకండి. గాలి సైలెన్సర్ లోంచి వస్తే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిల్ మూత లోంచి వస్తే రింగులు, రేడియేటర్‌లో బుడగలు వస్తే హెడ్ గ్యాస్కెట్.

ఈ ఇంజిన్‌కు తెలిసిన బలహీనత ఆయిల్ పంపు గేర్లు. పొడి లోహాన్ని అచ్చుపోసి చేసినవి అవి. రెవ్ లిమిటర్‌కు పదేపదే కొట్టుకుంటే, క్రాంక్ ముందుభాగం మీద సూపర్‌చార్జర్ బెల్టు లాగుడు తోడైతే పగుళ్లిస్తాయి. గేర్ పగిలిన క్షణంలో ఆయిల్ ప్రెషర్ సున్నా, ఆ వెంటే బేరింగులు. బిల్లెట్ ఉక్కు గేర్లు, క్రాంక్ స్ప్రాకెట్ దొరుకుతాయి. టైమింగ్ కవరు విప్పాల్సిన పని కాబట్టి లేబర్ ఎక్కువ, కానీ ముందుభాగం ఎలాగూ విప్పుతున్న ఈ సమయమే దానికి సరైనది. వద్దనుకుంటే రెవ్ లిమిటర్‌ను 6,800కు దించుకుని, టైర్లు తిప్పి పొగ తెప్పించే సరదాలు మానుకోవాలి.

ఒకసారి విప్పిన క్రాంక్ పుల్లీ బోల్టును మళ్లీ వాడకండి. సాగేదాకా బిగించే రకం అది, కొత్తదే వేయాలి.

ఇంధనం ఎంత కావాలి

500 పీఎస్ లక్ష్యమైతే 550కి లెక్క కట్టండి. బూస్ట్ ఇంజిన్ ఒక హార్స్‌పవర్‌కు గంటకు సుమారు 0.27 కిలోల పెట్రోలు తాగుతుంది. మొత్తం దాదాపు 150 కిలోలు. ఎనిమిది ఇంజెక్టర్లకు పంచితే ఒక్కోదానికి నిమిషానికి 415 సీసీ. ఇంజెక్టర్‌ను 80 శాతానికి మించి తెరిచి ఉంచకూడదు కాబట్టి 520 సీసీ. ఈ20 కోసం 8 శాతం కలిపితే 560. అంటే 600 సీసీ దగ్గర ఉన్నవి తీసుకోవాలి. ఆ రేటింగ్ ఏ ప్రెషర్ దగ్గర కొలిచిందో చూడండి, చాలావరకు 3 బార్ దగ్గర ఇస్తారు. లాటెన్సీ (తెరుచుకోవడానికి పట్టే సమయం), ఫ్లో వివరాల ఫైలు ఇవ్వలేని ఇంజెక్టర్లను ఎంత చవకైనా కొనకండి. ఆ ఫైలు లేకుండా ట్యూనర్ చేసేది ఊహే.

పంపు గంటకు 216 లీటర్లు ఇవ్వాలి, 20 శాతం మార్జిన్‌తో 260 లీటర్లు. అది ఖాళీ గొట్టంలో పోసే అంకె కాదు, పనిచేసే ప్రెషర్ దగ్గర ఇచ్చే అంకె. చాలా కిట్లు పంపుకు వోల్టేజి పెంచే పెట్టె ఇస్తాయి. ఈ స్థాయికి అది సరిపోవచ్చు, కానీ డైనో మీద ఫ్యూయల్ ప్రెషర్ గేజి పెట్టి చూడాల్సిందే. పైకి పోయే కొద్దీ ముల్లు కిందికి జారితే పంపు చాలడం లేదు.

స్పార్క్ ప్లగ్గులు ఒక మెట్టు చల్లని రకం, గ్యాప్ 0.70 నుంచి 0.75 మిల్లీమీటర్లు. కంపెనీ గ్యాప్ 1.25కు పైన ఉంటుంది, బూస్ట్ కింద ఆ ఖాళీని స్పార్క్ దాటలేక మిస్‌ఫైర్ కొడుతుంది. గ్యాప్ సరిచేసేటప్పుడు మధ్య ముక్క మీద ఒత్తిడి పెట్టకండి, సన్నని ఇరిడియం మొన విరుగుతుంది.

బిగించే క్రమం

రెండు రోజుల పని అనుకుని మొదలుపెడితే మూడు నాలుగు పడుతుంది. శుభ్రమైన నేల, దుమ్ము రాని షెడ్డు, 10 నుంచి 100 న్యూటన్ మీటర్ల దాకా కొలిచే టార్క్ రెంచి, ఇద్దరు మనుషులు కావాలి.

1. పంపు ఫ్యూజ్ పీకి ఇంజిన్ ఆగేదాకా తిప్పి ఫ్యూయల్ ప్రెషర్ తీసేయండి. తర్వాత బ్యాటరీ నెగటివ్ విప్పండి. దగ్గరలో అగ్నిమాపక సిలిండర్ ఉండాలి.

2. ముందు బంపర్, కింది తొడుగులు విప్పండి. క్లిప్పులన్నీ ఒక డబ్బాలో వేయండి. తొడుగులను తిరిగి పెట్టనవసరం లేదనే సలహా వినకండి. గాలిని రేడియేటర్‌లోకి తోసేవి అవే.

3. కూలెంట్ దించండి. మళ్లీ నింపేటప్పుడు మాన్యువల్‌లో చెప్పిన రకం కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. అనంతపురం బోరు నీళ్లు రేడియేటర్ గొట్టాల్లో ఒక్క వేసవికే తెల్లని పొర కట్టిస్తాయి. మన దగ్గర నీళ్లు గడ్డకట్టే చలి లేదు కాబట్టి కూలెంట్ 40 శాతం, నీళ్లు 60 శాతం అయినా చాలు. నీటి పాలు పెరిగితే వేడి బాగా లాగుతుంది. కూలెంట్ 30 శాతానికి తగ్గితే తుప్పు మొదలవుతుంది.

4. ఫ్యూయల్ రైళ్లు విప్పి ఇంజెక్టర్లు మార్చండి. ఓ రింగులకు శుభ్రమైన ఇంజిన్ ఆయిల్ ఒక చుక్క రాయాలి, గ్రీజు వద్దు. తెరిచిన ప్రతి రంధ్రానికీ వెంటనే టేపు వేయండి. ఇంటేక్‌లో పడిన ఒక్క 6 మిల్లీమీటర్ల నట్టు పిస్టన్‌ను చంపుతుంది. ప్లగ్గులు చల్లని ఇంజిన్‌కే వేయాలి, హెడ్ అల్యూమినియం.

5. సూపర్‌చార్జర్ బ్రాకెట్‌ను చేత్తో అన్ని బోల్టులూ ఎక్కించాకే బిగించండి. ఒక మూల ముందే బిగిస్తే బ్రాకెట్ వెంట్రుకవాసి వంగుతుంది, బెల్టు అక్కడే తినేస్తుంది. టార్క్ అంకెలు కిట్ పుస్తకంలోవే వాడండి.

6. బెల్టు దారి. నిటారు ఇనుప స్కేలును క్రాంక్ పుల్లీ ముఖానికి ఆనించి సూపర్‌చార్జర్ పుల్లీ, ఐడ్లర్లు అన్నీ ఒకే గీతలో ఉన్నాయో లేదో చూడండి. మిల్లీమీటరు తేడా ఉన్నా షిమ్ములతో సరిచేయాలి. ఎర్రమట్టి దుమ్ము బెల్టు గాడుల్లో చేరి ఉప్పుకాగితంలా అరగదీస్తుంది, కాబట్టి కింద ఉన్న స్ప్లాష్ తొడుగు తప్పనిసరి.

7. ఇంటర్‌కూలర్‌ను ఏసీ కండెన్సర్ ముందు బిగించాక చుట్టూ ఉన్న సందులను ఫోము పట్టీలతో మూయండి. గాలి పక్కల నుంచి పారిపోతే మూడు రేడియేటర్లూ వేడెక్కుతాయి. ఏసీ కాస్త మందగించడం సహజం.

8. గొట్టాలు జోడించే చోట నూనె జిడ్డు లేకుండా తుడిచి, టీ బోల్టు క్లాంపులు వేయండి. స్క్రూ తిప్పే మామూలు క్లాంపులు బూస్ట్ కింద జారతాయి. సర్జ్ వాల్వు (థ్రాటిల్ మూసినప్పుడు బూస్ట్‌ను వదిలేసేది) సన్న గొట్టం మానిఫోల్డ్‌కే కలపాలి. థ్రాటిల్ ముందు కలిపితే అది ఎప్పుడు తెరవాలో దానికి తెలియదు.

9. ఇంజిన్ లోపలి ఆవిరిని ఇంటేక్‌కు పంపే పీసీవీ దారిలో ఆయిల్ క్యాచ్ క్యాన్ (ఆయిల్‌ను పట్టే డబ్బా) పెట్టండి. ఆయిల్ ఆవిరి ఇంటర్‌కూలర్‌లో చేరితే చల్లబరచడం తగ్గుతుంది, సిలిండర్‌లోకి వెళితే ఆక్టేన్ పడిపోతుంది.

10. సూపర్‌చార్జర్ సొంత ఆయిల్ ఉండే రకమైతే కిట్‌తో వచ్చిన ఆయిలే, గుర్తు దాకా మాత్రమే పోయండి. ఎక్కువైతే అది నురుగై సీలు దాటి వస్తుంది. ఇంజిన్‌లో 7.6 లీటర్ల ఫుల్ సింథటిక్. కంపెనీ 5డబ్ల్యూ-20 చెబుతుంది. బూస్ట్‌కూ మన వేసవికీ 5డబ్ల్యూ-30 మేలు.

బంపర్ పెట్టేముందు ఒక పరీక్ష. ఫిల్టర్ చోట మూత బిగించి, కంప్రెసర్ గాలిని రెగ్యులేటర్‌తో 5 పీఎస్ఐ దగ్గర లోపలికి వదిలి, ప్రతి కీలుకూ సబ్బు నీళ్లు పూయండి. బుడగ వచ్చిన చోట లీకు. బానెట్ కింద నాలుగైదు చోట్ల మెత్తని బంకమట్టి ముద్దలు పెట్టి మెల్లగా మూసి తీయండి. ముద్ద 15 మిల్లీమీటర్ల కన్నా పల్చబడితే ఇంజిన్ ఊగినప్పుడు తగులుతుంది.

తొలి స్టార్ట్

కొత్త ఇంజెక్టర్లకు తగిన బేస్ ట్యూన్ ఎక్కించకుండా తాళం తిప్పకండి. పాత ట్యూన్‌తో స్టార్ట్ చేస్తే పెట్రోలు ఎక్కువై సిలిండర్ గోడల ఆయిల్ కడుక్కుపోతుంది. కీ మూడు నాలుగు సార్లు ఆన్ చేసి ఆపి, రైళ్ల దగ్గర తడి ఉందేమో టార్చితో చూడండి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని పది సెకన్లు క్రాంక్ చేస్తే పెట్రోలు పోకుండా ఆయిల్ ప్రెషర్ లేస్తుంది. ఆ తర్వాతే మామూలుగా స్టార్ట్ చేయండి.

ఐడ్లింగ్‌లో ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఉంచి, చల్లారాక కూలెంట్ నింపి, క్లాంపులన్నీ, బెల్టు బిగువు మరోసారి సరిచూడండి. వేడి తగిలి రబ్బరు సర్దుకున్నాక క్లాంపు సగం తిప్పు వదులవుతుంది. మొదటి 100 కిలోమీటర్లు బూస్ట్ లోకి వెళ్లొద్దు.

ట్యూనింగ్

మెయిల్‌లో వచ్చిన ట్యూన్ బేస్‌కు మాత్రమే పనికొస్తుంది. చివరి ట్యూన్ డైనో మీదే, మనం వాడే పెట్రోలుతోనే. రాయలసీమలో ఈ స్థాయి డైనో దొరకదు కాబట్టి బెంగళూరో కోయంబత్తూరో వెళ్లాలి. తెలివైన పని ఏమిటంటే, వెళ్లేటప్పుడు మన ఊరి బంకు పెట్రోలుతో ట్యాంకు నింపి బండిని లారీ ఎక్కించడం. బెంగళూరు గాలి మనకన్నా ఏడెనిమిది డిగ్రీలు చల్లగా ఉంటుంది. అక్కడ సరిపోయిన టైమింగ్ మే నెల కర్నూలులో సరిపోదు. గాలి ఉష్ణోగ్రత పెరిగితే టైమింగ్ తగ్గించే పట్టికను 50 డిగ్రీల నుంచే మొదలుపెట్టమని ట్యూనర్‌కు గట్టిగా చెప్పండి.

అడగాల్సిన అంకెలు ఇవి. నిండు థ్రాటిల్‌లో లాంబ్డా 0.78 నుంచి 0.82 (1 అంటే పూర్తిగా మండే నిష్పత్తి, అంతకు తక్కువైతే ఇంధనం ఎక్కువ). ఏఎఫ్ఆర్ (గాలి, ఇంధనాల నిష్పత్తి) అంకెతో కాక లాంబ్డాతోనే మాట్లాడండి. 0.80 అంటే పెట్రోలు స్కేలు మీద 11.8 కనిపిస్తుంది, ఈ20లో నిజంగా జరిగేది 10.8. గందరగోళం అక్కడే పుడుతుంది. టైమింగ్ 10 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి ఒక్కో డిగ్రీ పెంచుతూ, నాక్ సెన్సర్ వెనక్కి లాగిన చోట ఆగి, అక్కడి నుంచి రెండు డిగ్రీలు తగ్గించి వదిలేయాలి. మరీ తగ్గించినా ప్రమాదమే. మంట ఆలస్యమై వేడంతా ఎగ్జాస్ట్ లోకి పోయి క్యాటలిటిక్ కన్వర్టర్ కరుగుతుంది. ఫ్యూయల్ ట్రిమ్ములు (కంప్యూటర్ తనంతట చేసే ఇంధన సవరణలు) ప్లస్ మైనస్ 5 శాతం లోపు ఉండాలి. ఒకదాని వెంట ఒకటి మూడు పరుగులు తీయించండి. మొదటి పరుగు పవర్ కాదు, మూడో పరుగులో గాలి ఉష్ణోగ్రత ఎంత, నాక్ వచ్చిందా అన్నది చూడాలి. లాగ్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి. రేపు ఏదైనా చెడితే పోల్చడానికి అదొక్కటే ఆధారం.

చెడినప్పుడు ఎక్కడ చూడాలి

సెంట్రిఫ్యూగల్‌లో ఆర్‌పీఎం పెరుగుతుంటే బూస్ట్ పెరగాలి. 5,500 తర్వాత చదునై పడిపోతుంటే బెల్టు జారుతోంది. పుల్లీ చుట్టూ నల్లని పొడి ఉంటే ఇక అనుమానమే లేదు. బెల్టు మెరుపెక్కి ఉంటే మార్చండి, ఊరికే బిగించి వదిలేస్తే బేరింగు పోతుంది.

బూస్ట్‌లో ఒక్కసారిగా నోరు నొక్కినట్టు ఆగి మళ్లీ లాగితే ప్లగ్ గ్యాప్, లేదా కాయిల్. ఐడ్లింగ్ తడబడి, బూస్ట్‌లో బానే ఉంటే సెన్సర్ తర్వాత గాలి లీకు, లేదా నూనె పట్టిన మాస్ ఎయిర్ ఫ్లో సెన్సర్. దాన్ని ఆ సెన్సర్ కోసం చేసిన స్ప్రేతోనే కడగాలి, కార్బురేటర్ క్లీనర్ తీగను పాడుచేస్తుంది.

పిస్టన్ అంచు విరిగిన ఇంజిన్లలో కథ చాలావరకు ఒకటే. ఎండలో కొద్దిగా నాకింగ్ మొదలవుతుంది, సైలెన్సర్ హోరులో వినపడదు, రింగుల మధ్య గట్టు ఒక చోట పగులుతుంది. ముందుగా తెలిసే గుర్తులు రెండు: ఆయిల్ తగ్గడం, క్యాచ్ క్యాన్ మామూలు కన్నా త్వరగా నిండడం. ఈ రెండూ కలిసి కనిపిస్తే బూస్ట్ మానేసి లీక్‌డౌన్ పరీక్ష చేయండి. ప్లగ్ పింగాణీ మీద నల్ల మిరియాల్లాంటి చుక్కలుంటే నాకింగ్ జరిగింది. మెరిసే వెండి చుక్కలైతే పిస్టన్ అల్యూమినియం కరిగి అంటుకుంది, ఇంజిన్ దించాల్సిందే.

కూలెంట్ ఉష్ణోగ్రత 105 దాటితే పరుగు ఆపి మెల్లగా తిప్పండి, 110 దాటితే వెంటనే పక్కకు తీయండి. ట్రాక్ మీద పరుగు అయ్యాక ఇంజిన్‌ను టక్కున ఆపేయకుండా ఒక రౌండు నెమ్మదిగా తిప్పితే వేడి సమంగా దిగుతుంది.

ఆ తర్వాతి సంరక్షణ

సూపర్‌చార్జర్ ఆయిల్ మొదటిసారి 800 కిలోమీటర్లకు, తర్వాత ప్రతి 10,000 కిలోమీటర్లకు మార్చాలి. అది సొంత ఆయిల్ ఉండే చాలా రకాల లెక్క, మీ కిట్ పుస్తకం వేరుగా చెబితే అదే పాటించండి. ఇంజిన్ ఆయిల్ 5,000కు. ఫిల్టర్‌ను వేసవిలో నెలకోసారి విప్పి చూడండి, కంప్రెసర్ గాలితో ఊది మళ్లీ పెట్టకండి, కాగితంలో కంటికి కనపడని చిల్లులు పడతాయి. ఇంటర్‌కూలర్, రేడియేటర్ల మీద ఎర్రమట్టి చేరితే వెనక నుంచి ముందుకు మెల్లని నీటి ధారతో కడగాలి, ప్రెషర్ పంపు పెడితే రెక్కలు వంగిపోతాయి. ఫ్యూయల్ రబ్బరు గొట్టాలను ఏడాదికోసారి వేలితో నొక్కి చూడండి. అమెరికాలో ఈ బండికి అనుమతించింది ఈ15 దాకానే, మనం పోస్తున్నది ఈ20.

బ్రేక్ ద్రవాన్ని పని మొదలయ్యే ముందే కొత్తది చేయించాలి. టైర్ పక్క గోడ మీద ఉండే నాలుగు అంకెల్లో చివరి రెండు తయారైన ఏడాది. ఆరేళ్లు దాటినవైతే గాడి ఎంత ఉన్నా ట్రాక్‌కు పనికిరావు, ఎండకు రబ్బరు గట్టిపడి ఉంటుంది. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ కూడా ఇదే సమయంలో మార్చి, ట్రాక్ వాడకం ఉంటే దానికి విడిగా కూలర్ పెట్టించండి. బండి అమ్మాలనుకునే రోజు కోసం విప్పిన ప్రతి కంపెనీ భాగాన్నీ, పాత ఇంజెక్టర్ల నుంచి ఎయిర్ బాక్స్ దాకా, పేరు రాసి అట్టపెట్టెలో దాచండి. కంపెనీ ట్యూన్ ఫైలు కాపీ కూడా అందులోనే ఉండాలి.